ముగ్గురు దావీదులు, ఒక గొల్యాతు

మా మామయ్యకు వచ్చిన విద్య ఒక్కటే, నిలబడటం. వెటకారానికి అనడం లేదు. శిల్పకళాశాల గుమ్మం దగ్గర నలభై ఏళ్లు నిలబడి ఇల్లు నడిపాడు. ఆ నలభై ఏళ్లలో ముగ్గురు మాస్టార్ల ముందు మూడుసార్లు నిలబడి మూడుసార్లు దావీదయ్యాడు. విద్యార్థులు ఆయన్ని స్తంభంగారూ అని పిలిచేవారు. గారు ఉంది కదా అని ఆయన సంతోషించేవాడు.

దావీదంటే బైబిల్లో గొర్రెలు కాచుకునే కుర్రాడు. రాజుగారిచ్చిన కవచం బరువుగా ఉందని విప్పేసి, ఒక వడిసెల, వాగులో ఏరిన అయిదు నున్నటి రాళ్లు పట్టుకుని, గొల్యాతనే తొమ్మిదడుగుల పైచిలుకు మనిషి మీదికి పోయాడు. ఒక్క రాయితో పడగొట్టి, తల నరికాడు. మిగిలిన నాలుగు రాళ్లు ఏం చేశాడో ఎవరూ రాయలేదని మామయ్యకు ఇప్పటికీ బెంగే.

ఆ ముగ్గురు దావీదుల్లో ఇద్దరిని పగలగొట్టాలన్న నోటీసు టైపు చేసింది నేనే. ఆ కాలేజీ ఆఫీసులో గుమాస్తాను. శిల్పశాల మధ్యలో అడ్డగోడ కట్టి, ముప్పాతిక భాగం కంప్యూటర్లకు ఇస్తారట. మిగిలిన పావులో ఒకే దావీదుకు చోటుంటుందట. ఎవరికైనా ఇచ్చేద్దామంటే తీసుకునేవాళ్లు లేరు. కదిలిస్తే విరిగే పాత ప్లాస్టర్ బొమ్మలవి. ఏది ఉంచాలో తేల్చడానికి బయటినుంచి ఒక నిపుణుడు వస్తున్నాడని చివరి వాక్యం. అది కొడుతుంటే నా వేళ్లు మొరాయించాయి.

సాయంత్రం ఇంటికి వెళ్లి చెప్పాను. మామయ్యకు చీమ కుట్టినట్టయినా లేదు.

"పోన్లేవే. ఆఫీసు వాళ్లిష్టం. మధ్యలో మనమెవరం?" అన్నాడు.

అత్తయ్య మాత్రం ఒంటికాలి మీద లేచింది.

"మిగతా రెండూ ఏమైనా చేసుకోమను. మూడోదాని జోలికొస్తే ఊరుకోను. అది నాది."

"మామయ్యది కదా అత్తయ్యా?"

"ఒళ్లు మీ మామయ్యది. మొహం నాది."

ఈ మాటకు అర్థం తెలియాలంటే మొదటి దావీదు నుంచీ రావాలి.

మామయ్యకు పంతొమ్మిదేళ్లప్పుడు కాపలా ఉద్యోగం వచ్చింది. చేరిన వారంలోనే ఎవరో పెద్దమనిషి వచ్చి ఎర్రటి ఎండలో మూడు గంటలు ఉపన్యాసం ఇచ్చాడు. వింటున్నవాళ్లు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదికి మారుతూ, గోడలకు ఆనుతూ, చివరికి కూలబడిపోతే, మామయ్య ఒక్కడే గుమ్మం పక్కన మేకు కొట్టినట్టు నిలబడి ఉన్నాడు. అది టోపీ మాస్టారి కంట పడింది. శిల్పశాలకు పెద్ద ఆయనే. టోపీ లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. మర్నాడే మామయ్యను లోపలికి పిలిచి, గోచీ కట్టించి, తన టోపీలాంటిదే ఇంకోటి నెత్తిన పెట్టి, బోర్లించిన బకెట్టు మీద ఎడమ కాలు పెట్టమన్నాడు.

"ఇదేంటండీ?" అన్నాడు మామయ్య.

"గొల్యాతు తల. నువ్వు దావీదువి. గెలిచేశావు."

"గెలిచాక ఇక్కడే నిలబడటం ఎందుకండీ, ఇంటికి పోకుండా?"

మాస్టారు బకెట్టును ఇంకాస్త ముందుకు జరిపాడు. రెండు నెలలు మట్టితో బొమ్మ చేసి, బకెట్టు స్థానంలో ఒక తల పెట్టి, ప్లాస్టర్‌లో పోత పోశాడు. ఆ తలకు క్యాంటీన్ వంటవాడి మొహం వచ్చింది. రెండో కప్పు టీ అడిగితే లేదన్నాడని ఆ వంటవాడి మీద ఆయనకు గుర్రు. దావీదు మాత్రం సన్నగా, నాజూగ్గా, నడుం ఒక పక్కకు వంచి, కళ్లు దించుకుని, గెలుపు వేరెవరిదో అన్నట్టు నిలబడ్డాడు. మా అమ్మమ్మను చూపించడానికి తీసుకెళ్తే చుట్టూ తిరిగి చూసింది.

"వీడు మనిషిని చంపినట్టు లేడురా. పెళ్లికి పిలవడం మరిచిపోతే అలిగినట్టున్నాడు," అంది.

వంటవాడు బతికున్నన్నాళ్లూ ఆ గదిలో అడుగు పెట్టలేదు.

రెండో దావీదు నాటికి మామయ్యకు ముప్పై ఒకటి. పెళ్లయి నాలుగేళ్లు. కొత్తగా వచ్చిన ఆయన్ని అందరూ కొలతల మాస్టారనేవారు. చేతిలో ఎప్పుడూ కొలబద్ద. మామయ్య చెవికీ దవడకీ మధ్య దూరం కూడా రాసి పెట్టుకున్నాడు. టోపీ మాస్టారు చేసినదాని వంక చూసి పెదవి విరిచాడు.

"గెలిచినవాడిలో ఏముంది? ఎవడైనా నిలబడతాడు. రాయి ఇంకా చేతిలో ఉండగా, ఏమవుతుందో తెలియక చూస్తున్నవాణ్ణి చెయ్యాలి."

విగ్రహం పదడుగులు. కుడి చెయ్యి కిందికి వదిలి, ఎడమ భుజాన వడిసెల వేసుకుని, తల ఎడమకు తిప్పి, నుదురు ముడి పెట్టి చూడాలి.

"గొల్యాతు ఎంత దూరంలో ఉన్నాడండీ?" అని అడిగాడు మామయ్య. నిలబడే మనిషికి అలాంటివి తెలియాలి.

"నలభై అడుగులు."

కిటికీలోంచి కొలిస్తే సరిగ్గా నలభై అడుగుల దూరంలో ప్రిన్సిపాల్ గారి కుర్చీ ఉంది. మామయ్య పదకొండు వారాలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ముడిపడిన నుదురుతో ఆ కుర్చీనే చూశాడు. మొదటి వారం ఆ పెద్దాయన పట్టించుకోలేదు. రెండో వారం ఆఫీసుకు వేళకు రావడం మొదలుపెట్టాడు. మూడో వారం బల్ల మీద తల పెట్టి కునుకు తీయడం మానేశాడు. అయిదో వారం అప్పటి గుమాస్తాను పిలిచి, పై అధికారులు ఎవరినైనా పెట్టి మనల్ని గమనిస్తున్నారా అని రహస్యంగా అడిగాడట. ఆ విగ్రహం పూర్తయ్యాక కాలేజీలో మళ్లీ అంత క్రమశిక్షణ లేదని పాతవాళ్లు చెప్పుకునేవారు.

ఆ దావీదుకు తల, చేతులు కాస్త పెద్దవి. ఎత్తయిన దిమ్మ మీద పెడితే కిందనుంచి చూసేవాళ్లకు సరిపోతాయని మాస్టారి లెక్క. తీరా చూస్తే శిల్పశాల కప్పు పదకొండడుగులే. దిమ్మకు చోటు లేక నేల మీదే నిలబెట్టారు. ఆ చేతులు ఎవరివో అరువు తెచ్చుకుని పెట్టుకున్నట్టుండేవి.

"ఇంతింత చేతులున్నాయా మీకు? ఇంట్లో ఒక్క డబ్బా మూత తీసిన పాపాన పోలేదే," అంది అత్తయ్య చూడగానే.

పుస్తకాల్లో చూస్తే, కొన్ని వందల ఏళ్ల కిందటి మహాశిల్పులు కూడా ఇదే గొడవ పడ్డారు. ఒకాయన గెలిచాక చెక్కాడు, ఇంకొకాయన పోరుకు ముందు చెక్కాడు, మరొకాయన సరిగ్గా రాయి విసురుతుండగా చెక్కాడు. ఒకే కుర్రాడు, ఒకే రాయి. ఎక్కడ ఆపాలన్నదే పేచీ. మన కాలేజీలోనూ మూడోది మిగిలిపోయింది. మామయ్యకు యాభై రెండేళ్లు వచ్చాక చిన్నమేడం వచ్చి అది మొదలుపెట్టింది.

చిన్నమేడం మనిషి చిన్నది, పట్టుదల పెద్దది. పాత ఇద్దరు దావీదుల్నీ చూసి ఒకటే మాట అంది.

"ఇద్దరూ నిలబడ్డారు. దావీదు నిలబడలేదు. పరిగెత్తుకుంటూ మీదికి పోయాడు. అలా అని రాసుంది."

నిలబడటం తప్ప ఇంకేమీ రాని మనిషికి ఇది పిడుగులాంటి వార్త. కాళ్లు ఎడంగా పెట్టి, నడుం మెలి తిప్పి, రెండు చేతులూ ఒక పక్కకు లాగి, వడిసెల సాగదీసి పట్టుకోవాలి. చెయ్యి వాలిపోకుండా కప్పుకు తాడు కట్టి మోచేతిని అందులో వేలాడదీశారు. మోడల్ రోజూ అదే చోట నిలబడాలి కాబట్టి పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తారు. మామయ్య పాదాల చుట్టూ గీశారు. ఒళ్లు ఎలాగో కుదిరింది. మొహమే కుదరలేదు. ఒంట్లో అంత యుద్ధం జరుగుతుంటే, మొహం మాత్రం బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు ప్రశాంతంగా ఉంది.

"కోపం తెచ్చుకోండి," అంది మేడం.

"ఎవరి మీదండీ?"

"గొల్యాతు మీద."

"ఆయన నాకేం చేశాడండీ?"

గోడ మీద బొగ్గుతో రాక్షసుడి బొమ్మ వేసి చూపించింది. బాగుందండీ అన్నాడు. పళ్లు కొరకమంది. పన్ను నొప్పండీ అన్నాడు. మూడు రోజులకు ఆ అమ్మాయి తలప్రాణం తోకకొచ్చింది.

నాలుగో రోజు మామయ్య క్యారియరు మరిచిపోయి వెళ్లాడు. అత్తయ్య దాన్ని పట్టుకుని కాలేజీకి వచ్చి, ఆయన ఎక్కడున్నాడో అడిగి తెలుసుకుని, శిల్పశాల తలుపు తోసింది. పెళ్లయి పాతికేళ్లు దాటిన మొగుడు, యాభై రెండేళ్లవాడు, గోచీ కట్టుకుని, మెలి తిరిగిపోయి, మోచేతికి తాడుతో కప్పుకు వేలాడుతూ కనిపించాడు. ఆవిడ క్యారియరు పక్కన పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, నిమిషంసేపు పైనుంచి కిందికి చూసింది.

"ఏమండీ, గొల్యాతు ఇంకా రాలేదా? వచ్చేలోపు భోంచేసేయండి, చల్లారిపోతోంది."

కదలకూడదని మేడం ఆజ్ఞ. నవ్వంటే ఒళ్లంతా కదులుతుంది. మామయ్య నవ్వు ఆపుకోవడానికి కింది పెదవిని పళ్ల కింద నొక్కి పట్టాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి, ముక్కుపుటాలు ఎగిరాయి, కళ్లు ఇంతింతయ్యాయి.

"అదే! కదలొద్దు!" అని మేడం అరిచిన అరుపుకు పక్క గదిలో ఎవరో ఏదో పడేశారు. "అమ్మా, మీరూ కదలొద్దు!"

అలా మా అత్తయ్య తొమ్మిది రోజులు గొల్యాతుగా పనిచేసింది. కుర్చీ వేయిస్తానంటే ఒప్పుకోలేదు. "గొల్యాతు కూర్చుంటాడా?" అంది. రోజూ వచ్చి అదే చోట నడుం మీద చేతులేసుకుని నిలబడి, పక్కింటివాళ్ల సంగతుల దగ్గర్నుంచి మామయ్య పెళ్లిచూపుల్లో కుర్చీలోంచి జారిపడిన ఉదంతం దాకా మొహంలో ఏ భావం లేకుండా చెప్పేది. ఆవిడ పాదాల చుట్టూ గీసిన సుద్ద గీత ఊడ్చేవాళ్ల చేతిలో రోజూ చెరిగిపోతుంటే, మేడం విసిగిపోయి తెల్లరంగుతో గీసేసింది. ఆ రెండు పాదాలు తలుపు దగ్గర అలాగే ఉండిపోయాయి. తర్వాత చేరిన విద్యార్థులు, అక్కడ నిలబడితేనే లోపలికి పిలుస్తారు కాబోలనుకుని నిలబడేవారు. నిలబడినవాళ్లకు ఎందుకో నవ్వొచ్చేది.

ఇందులో కిటుకు నేను ఆలస్యంగా కనిపెట్టాను. మూడో దావీదును పక్కనుంచి చూస్తే నిలువునా కోపం. దగ్గరనుంచి చూస్తే పగ. ఆ తెల్ల పాదాల మీద నిలబడి చూస్తే మాత్రం, ఇంకో క్షణంలో పకపకా నవ్వబోయే మనిషి. చిన్నమేడం ఈ కిటుకు ఎవరికీ చెప్పకుండానే బదిలీ అయి వెళ్లిపోయింది. మిగిలిన ఇద్దరు మాస్టార్లలో ఒకాయన కాలం చేశాడు, ఇంకొకాయన జాడ లేదు. కాలేజీలో ఇప్పుడున్నవాళ్లకు ఆ ముగ్గురూ గుమ్మం దగ్గరి మనిషేనని కూడా తెలియదు. విగ్రహాలకు మీసం లేదు, ఈయనకు ఉంది.

నిపుణుడు వచ్చే రోజు రానే వచ్చింది. మామయ్య ఉద్యోగంలో అది చివరి వారం. శిల్పశాల తలుపు పక్కనే ఎప్పటిలాగే నిలబడ్డాడు. కొత్త ప్రిన్సిపాల్ గారు, నిపుణుడు, చెప్పింది రాసుకోవడానికి నేను లోపల ఉన్నాం. నిపుణుడికి ఒక అలవాటు. విగ్రహం ముందుకు వచ్చి, ఒక్కసారి చూసి, కళ్లు మూసుకుని మాట్లాడతాడు.

మొదటి దావీదు ముందు కళ్లు మూసుకుని, "లాలిత్యం. కానీ దీనికి బరువు లేదు," అన్నాడు. రెండోదాని ముందు, "గాంభీర్యం. ఆ చూపులో ధర్మాగ్రహం," అన్నాడు. ప్రిన్సిపాల్ కుర్చీ సంగతి గుర్తొచ్చి నాకు దగ్గొచ్చింది. మూడోదాన్ని చుట్టూ తిరిగి పక్కనుంచి చూసి, వెనక్కి నడిచి నడిచి, సరిగ్గా ఆ తెల్ల పాదాల మీద ఆగి, అక్కడ కళ్లు మూసుకున్నాడు. ప్రపంచంలో ఆ దావీదు నవ్వు కనిపించే చోటు అదొక్కటే. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"ద్వేషం," అన్నాడు. "పెదవి కొరుక్కునేంత ద్వేషం. పనితనం ఉంది, కాదనను. కానీ పిల్లలు చదువుకునే చోట ఇంత ద్వేషం దేనికండీ? రాసుకోమ్మా. రెండోది ఉంచాలి. ఒకటి, మూడు తీసేయాలి."

నేను రాయలేదు. కలం పట్టుకుని మామయ్య వైపు చూశాను. నలభై ఏళ్లలో ఏ సమావేశంలోనూ నోరెత్తని మనిషి. నోట్లో నాలుక లేదని అత్తయ్య రోజూ దెప్పే మనిషి. ఆయన గోడను వదిలి రెండడుగులు ముందుకు వేశాడు.

"అది ద్వేషం కాదండీ."

నిపుణుడు కళ్లు తెరవకుండానే, "మీరెవరు?" అన్నాడు.

"దావీదునండీ."

"ఏ దావీదు?"

"మూడూనండీ."

ఇప్పుడు తెరిచాడు. ప్రిన్సిపాల్ గారు నోరు వెళ్లబెట్టారు. మామయ్య అవతలికి వెళ్లి విగ్రహం పక్కన నిలబడి చొక్కా బొత్తాలు విప్పబోతే, ఆయన కంగారుపడి వద్దు వద్దన్నారు. సరేనని బెల్టు తీసి వడిసెలలా పట్టుకుని, అరవై ఏళ్ల వయసులో, తాడు ఆసరా లేకుండా, కాళ్లు ఎడంగా పెట్టి నడుం మెలి తిప్పాడు. భంగిమ అచ్చు గుద్దినట్టు కుదిరింది. మొహం మాత్రం బస్సు కోసం ఎదురుచూస్తోంది.

"చూశారా?" అన్నాడు నిపుణుడు జాలిగా. "పోలిక లేదు. రాసుకోమ్మా..."

"కాస్త తప్పుకోండి. అది నా చోటు."

అత్తయ్య. చేతిలో క్యారియరు. ఆ రోజు మామయ్య దాన్ని మరిచిపోలేదని, ఆవిడే దాచిపెట్టిందని నాకు తర్వాత తెలిసింది. నిపుణుడు తెలియకుండానే పక్కకు జరిగాడు. ఆవిడ చెప్పులు విడిచి, తెల్ల గీతల్లో పాదాలు పెట్టింది. వెంట్రుక వాసి తేడా లేకుండా సరిపోయాయి. నడుం మీద చేతులు వేసుకుని మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"ఏమండీ, అరవై వచ్చాయి. ఇంకా ఆ గొల్యాతు చావలేదా?"

మామయ్య కింది పెదవి పళ్ల కిందికి పోయింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి, ముక్కుపుటాలు ఎగిరాయి, కళ్లు ఇంతింతయ్యాయి. మీసం ఒక్కటే అదనం. గదిలో రెండు ఒకే రకం మొహాలు, ఒకటి ప్లాస్టర్‌ది, ఒకటి మాంసంది, మా అత్తయ్యను చూస్తున్నాయి.

నిపుణుడు ఒకసారి మామయ్యను, ఒకసారి విగ్రహాన్ని చూశాడు. తర్వాత, "అమ్మా, నన్నొకసారి అక్కడ నిలబడనిస్తారా?" అని అడిగాడు. నిలబడ్డాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, చివరికి జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"మూడోది ఉంచండి," అన్నాడు.

"కారణం ఏమని రాయమంటారు?" అని అడిగాను.

"ఆయన చెప్పాడుగా. అది ద్వేషం కాదు అని రాయండి."

అంతా బాగానే ఉంది కానీ, మామయ్య ఇంకా అలాగే ఉన్నాడు.

"చాలు, ఇంక మామూలుగా నిలబడండి," అంది అత్తయ్య.

"రావట్లేదే," అన్నాడు మామయ్య. నడుం పట్టేసింది. నలుగురం పట్టుకుని, విసరబోతున్న భంగిమలోనే ఆయన్ని పక్కవాటుగా మోసుకెళ్లి క్యాంటీన్ బల్ల మీద పడుకోబెట్టాం. దారిలో ఎదురైన విద్యార్థులు ఇంకో విగ్రహం కాబోలనుకుని దారి ఇచ్చారు.

వారం తిరక్కుండా మిగతా ఇద్దరినీ పగలగొట్టారు. నేను చూడలేక ఆఫీసులో తలుపేసుకుని కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ల మామయ్య, ముప్పై ఒక్కేళ్ల మామయ్య సుత్తి దెబ్బలకు పిండి అవుతుంటే నాకు నిజంగా దుఃఖం వచ్చింది. వంటవాడి తల మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు అది క్యాంటీన్ తలుపు మూసుకుపోకుండా అడ్డుగా ఉంది. రెండో దావీదు పెద్ద కుడి చెయ్యిని అత్తయ్య అడిగి తెచ్చుకుని వంటింటి అరలో పెట్టింది. దాన్ని చూసైనా ఈయనకు డబ్బా మూతలు తీయడం వస్తుందేమోనని ఆశ.

ఉద్యోగం చివరి రోజున మామయ్య యూనిఫారం అప్పజెప్పి, శిల్పశాల తాళం నా చేతికి ఇవ్వబోతూ ఆగాడు. అత్తయ్య కూడా ఉంది.

"ఒకసారి నన్ను అక్కడ నిలబడనీ," అన్నాడు ఆవిడతో.

ఎనిమిదేళ్లుగా ఆయనకు ఆ చోటునుంచి చూడాలని తోచలేదు. చూడాల్సింది ఎప్పుడూ ఆ చోటులోనే ఉండేదాయె. తెల్ల గీతల్లో ఆయన పాదాలు పట్టలేదు, వేళ్లు బయటికొచ్చాయి. దావీదు మొహంలోకి చూస్తూ ఎప్పటిలాగే కదలకుండా నిలబడ్డాడు.

"నేను నిన్ను ఇలా చూస్తానా?" అన్నాడు చివరికి.

"ఎప్పుడూ కాదు. నేను తిడుతున్నప్పుడే," అంది అత్తయ్య.

మామయ్య వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు.

"అయితే రోజూనేగా."

అత్తయ్య క్యారియరు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, గోడ వైపు తిరిగి, కింది పెదవిని పళ్ల కింద నొక్కి పట్టుకుంది.